ట్రుగనీనా నుంచి సోంగ్ రాజ్యం దాకా, వయా కాన్‌బెరా

ఆస్ట్రేలియా చూడ్డానికి వచ్చిన మన పెద్దవాళ్ళకు ఏది ముందు చూపించాలో, ఏది తర్వాత చూపించాలో మాలో ఒక క్రమం స్థిరపడిపోయింది. మొదటి శనివారం కేరమ్ డౌన్స్ గుడి. రెండో శనివారం పెంగ్విన్లు. మూడో శనివారం సముద్రంలో నిలబడ్డ రాళ్ళు. నాలుగో వారానికి వాళ్ళు "ఇంతకీ ఇక్కడ మనుషులెక్కడుంటారు?" అని అడుగుతారు. అప్పుడు షాపింగ్ సెంటరుకు తీసుకెళ్తాం.

మా ఆవిడ లావణ్యకు బాబాయి వీరభద్రరావు గారు. విమానం దిగి, మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది: "అల్లుడు గారూ, కాన్‌బెరా ఎంత దూరం?"

కాన్‌బెరా చూస్తానని తనంతట తాను అడిగిన చుట్టాన్ని నేను అంతకుముందు చూడలేదు. కాన్‌బెరాలో ఉండేవాళ్ళు కూడా చూసి ఉండరు.

మావయ్య గారు రెవెన్యూ డిపార్టుమెంటులో డిప్యూటీ తహసీల్దారుగా చేరి, డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యారు. ఒకసారి ఏజెన్సీలో పోస్టింగు పడ్డప్పుడు, ట్రావెలర్స్ బంగళాలో ఎవరో వదిలేసిన పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. వెయ్యేళ్ళ కిందట చైనాను ఏలిన సోంగ్ రాజవంశం తన జిల్లాలను ఎలా నడిపిందో అందులో ఉంది. అధికారిని సొంత ప్రాంతంలో వెయ్యకూడదు. మూడేళ్ళకు మించి ఒకచోట ఉంచకూడదు. ఏటా పనితీరు మీద రిపోర్టు. "చదువుతుంటే నా సర్వీసు రిజిస్టరు చదువుతున్నట్టే ఉందండీ" అంటారాయన. వాన ఆగక మూడు రోజులు బయటికెళ్ళే దారి లేదట. నాలుగో రోజు వాన తగ్గింది గానీ ఆయన సోంగ్ రాజ్యంలోంచి బయటికి రాలేదు.

రిటైరయ్యాక దొరికినవన్నీ చదివి, తెలుగులో ఒక లావుపాటి పుస్తకం రాశారు. రాజమండ్రిలో ప్రింటరు రెడీ. కాకినాడలో ఆవిష్కరణకు హాలు రెడీ. బ్యాచ్‌మేట్లందరికీ వాట్సప్‌లో కబురు వెళ్ళింది. మిగిలింది ఒక్కటే: కాన్‌బెరాలో ఉండే షెన్ గారి మాట. ఆవిడ ఆ కాలపు జిల్లా పాలన మీదే జీవితమంతా పనిచేసిన రిటైర్డు ప్రొఫెసరు. మావయ్య గారు పుస్తకం మొత్తాన్ని తానే ఇంగ్లీషులోకి మార్చి ఆవిడకు పంపారు. ఆ ఇంగ్లీషులో ప్రతి పేరా "ఐ యామ్ టు స్టేట్ దట్" అని మొదలవుతుంది. ఆవిడ చదివి, "రండి, మాట్లాడుకుందాం" అని జవాబిచ్చారు.

"ఆవిడ సరేనంటే ప్రింటుకిచ్చేస్తాను" అన్నారు మావయ్య గారు.

"కాదంటే?"

"కాదని ఎందుకంటారండీ?" అన్నారు గానీ, కాఫీ గ్లాసు ఖాళీ అయిన సంగతి మర్చిపోయి మళ్ళీ ఎత్తారు.

హ్యూమ్ హైవే

నా ఉద్యోగం గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను పడమటి మెల్‌బోర్న్‌లో ఒక కౌన్సిల్లో, అంటే ఇక్కడి మున్సిపాలిటీలో, కంచెలూ షెడ్లూ చూస్తాను. ఎవరి కంచె ఎంత ఎత్తుండాలో చెప్పడం నా పని. అది కూడా రాజ్యపాలనేనని మావయ్య గారి నమ్మకం. ఈ దేశంలో నా ఉద్యోగాన్ని గౌరవించిన మొదటి మనిషి ఆయన.

మెల్‌బోర్న్ దాటేలోపే చిన్న అపశ్రుతి. కాఫీ కోసం హైవే దిగి, మళ్ళీ ఎక్కేటప్పుడు నేను తప్పు దారి వైపు తిప్పాను. ఎదురుగా ఎర్రటి బోర్డు: "రాంగ్ వే, గో బ్యాక్."

"ఇంత దూరం విమానంలో వచ్చాక చెప్తున్నారా?" అన్నారు మావయ్య గారు.

"బాబాయ్, అది నీక్కాదు, ఈయనకి" అంది లావణ్య వెనక సీట్లోంచి. "నాకైతే ఆ బోర్డు పెళ్ళికి ముందు పెట్టుంటే బాగుండేది."

దారి సరిచేసుకున్నాక ఆయన సోంగ్ రాజ్యం విప్పారు. చౌ అంటే మన జిల్లా అనుకోవచ్చు. షియెన్ అంటే తాలూకా. ప్రతి చౌలో ఒక పెద్ద అధికారి, అంటే కలెక్టరు. ఆ కలెక్టరు పక్కన తోంగ్‌పాన్ అని ఇంకొకడు. వాడి సంతకం లేనిదే కలెక్టరు సంతకం చెల్లదు. పైగా కలెక్టరు మీద నేరుగా రాజధానికి రాసే హక్కు వాడికుంది.

"వీళ్ళిద్దరి మీద ఒక గవర్నరు ఉంటాడా?" అన్నాను.

"అక్కడే ఉంది తెలివి. ఒక గవర్నరుంటే వాడు బలిసిపోతాడని నలుగుర్ని పెట్టారండీ. పన్నులకొకడు, కోర్టులకొకడు, సైన్యానికొకడు, ధాన్యం కొట్లకొకడు. నలుగురూ వేరువేరుగా వచ్చి తనిఖీ చేస్తారు."

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మేము వెళ్తున్న రోడ్డు రాష్ట్రానిది, దానికి డబ్బు కేంద్రానిది, పక్కన గడ్డి కోసే బాధ్యత కొన్నిచోట్ల కౌన్సిల్‌ది. ఆ గడ్డిలో పాము కనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తేలేసరికి పాము రిటైరవుతుంది. ఆ మాటే అన్నాను. మావయ్య గారు ఎంత సంతోషించారంటే, ఆ సంతోషంలో నాకు పీతల కథ చెప్పారు.

ఒక సోంగ్ అధికారికి పీతలంటే ప్రాణమట. నీకెక్కడ పోస్టింగు కావాలయ్యా అని అడిగితే, పీతలు దొరికి తోంగ్‌పాన్ దొరకని ఊరు ఏదైనా చాలన్నాడట.

చెప్పి ఆయనే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "కాకినాడవాడికి తప్ప ఇంకెవడికి అర్థమవుద్దండీ ఈ బాధ?" పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం తోంగ్‌పాన్ మీదేనట.

హోల్‌బ్రుక్: నీళ్ళు లేని సబ్‌మెరైను

న్యూ సౌత్ వేల్స్‌లోకి వచ్చాక హోల్‌బ్రుక్ అని చిన్న ఊరు తగులుతుంది. ఎటు చూసినా గోధుమ పొలాలు, గొర్రెలు. మధ్యలో పార్కు, పార్కులో సబ్‌మెరైను. బొమ్మ కాదు, నిజమైనదాని పైసగం. సముద్రం కొన్ని వందల కిలోమీటర్ల అవతల ఉంది.

మావయ్య గారు దాని చుట్టూ తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన పద్ధతిలో నిలబడ్డారు. "దీనికి ఎవరో ఫైలు పెట్టుంటారు. ఇంకొకడు 'నీళ్ళెక్కడ?' అని మార్జిన్లో రాసుంటాడు. వాణ్ణి ట్రాన్స్‌ఫర్ చేసుంటారు."

బేకరీలో వెజిటబుల్ 'పై' ఎనిమిది డాలర్లు. మన కర్రీ పఫ్‌కు దూరపు చుట్టం, డబ్బున్న చుట్టం. కౌంటరు వెనకాల ఆవిడ యాభై దాటిన మనిషి. మావయ్య గారు ఎక్కడికెళ్ళినా అడిగే ప్రశ్నే అడిగారు: "మీ ఊరి అధికారి ఎవరు?"

ఆవిడ నాకేసి చూసింది. నేను విడమర్చి చెప్పాను.

"ఓ, కౌన్సిల్లో పెద్దాయనా? మంచివాళ్ళే వస్తారు. ఏ వాగు పేరేంటో నేర్చుకునేసరికి సిటీలో ఉద్యోగమొస్తుంది, వెళ్ళిపోతారు" అందావిడ.

"మూడేళ్ళకా?" మావయ్య గారి కళ్ళు మెరిశాయి.

"ఇంచుమించు. మీకెలా తెలుసు?"

"వెయ్యేళ్ళుగా అంతేనమ్మా" అన్నారాయన తెలుగులో. ఆవిడ ఇంకో పై కావాలేమోననుకుని పొట్లం కట్టేసింది. ఆ ఎనిమిది డాలర్లూ సోంగ్ రాజవంశం ఖాతాలో రాసుకున్నాను.

హారిసన్‌లో పరీక్ష ముందు రోజు

కాన్‌బెరాలో మా బస హారిసన్‌లో, కిరణ్ రెడ్డి ఇంట్లో. యూనివర్సిటీలో నా రూమ్మేటు, కరీంనగర్ మనిషి, ఇప్పుడు కేంద్ర ప్రభుత్వోద్యోగి. ఏ శాఖో అడిగితే "పాలసీ" అంటాడు. ఏ పాలసీ అంటే "మారుతుంటదన్నా" అంటాడు.

మావయ్య గారిని చూడగానే కాళ్ళకు దండం పెట్టి, "రాండ్రి అంకుల్, మంచిగొచ్చిండ్రా? సర్వపిండి పెట్టిచ్చిన, మీ దిక్కు ఉండదు గదా" అన్నాడు.

"మా దిక్కు ఉండదు కాబట్టే రెండు తింటాను" అన్నారు మావయ్య గారు. నాలుగు తిన్నారు.

తిన్నాక కిరణ్ కుతూహలం కొద్దీ అడిగాడు. "అంకుల్, సొంతూర్ల నౌకరి వద్దంటె, ఆ ఆఫీసర్లకు ఆడి భాష ఎట్లొస్తుండె? చైనల ఊరికో భాషుంటదంటరు గదా."

"వచ్చేది కాదు. రాజధాని భాష మాట్లాడేవాళ్ళు."

"మరి జనం చెప్పేది ఎవలు ఇంటుండె?"

మావయ్య గారు నీళ్ళు తాగారు. "ఉండేవాళ్ళులే, కింద స్టాఫు" అన్నారు. కిరణ్ పెరుగు గిన్నె జరిపాడు. సంగతి అక్కడితో ఆగింది.

పొద్దున నేను లేచేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాకినాడ నుంచి తెచ్చిన గొట్టం కాజాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, హాల్లో కూర్చుని ఉన్నారు. కుర్చీ అంచు మీద. కింది ఉద్యోగులు తన ముందు అలా కూర్చోవడం ఆయన ఎన్నో ఏళ్ళు చూసుంటారు.

"భయంగా ఉందా బాబాయ్?" అంది లావణ్య.

"డిపార్ట్‌మెంటల్ టెస్టు కూడా ఇంత లేదమ్మా. అందులో పుస్తకాలు చూసి రాయనిచ్చేవారు."

షెన్ గారి పెరడు

షెన్ గారిది పాత పేటలో చిన్న ఇటుక ఇల్లు. వెనక పెరట్లో పెర్సిమన్ పండ్ల చెట్టు, దాని మీద కాకటూ చిలకల దండయాత్ర. డెబ్బై దాటిన సన్నటి మనిషి. మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, టీ, అనాసపువ్వు వేసి ఉడకబెట్టిన వేరుశెనగలు పెట్టారు. మా ఇంట్లో వేరుశెనగలు ఉప్పేసి ఉడకబెడతారు. అనాసపువ్వు బిర్యానీకి దాచుకుంటారు. తింటే వేరుశెనగకు పెళ్ళి చేసినట్టుంది.

మావయ్య గారు కాజా ఇచ్చారు. హెచ్చరించడం మర్చిపోయారు. ఆవిడ నిండుగా కొరికారు. గొట్టంలో పాకం సూటిగా వెళ్ళి, బల్ల మీదున్న మావయ్య గారి ఇంగ్లీషు ప్రతి మొదటి పేజీ మీద పడింది. ఆయన ముఖం పాలిపోయింది. షెన్ గారు వేలితో పాకం తుడిచి నాకారు. "ఈ పేజీకి ఇది అవసరమే. కాస్త పొడిగా ఉంది" అన్నారు.

ఆ తర్వాత ఇద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏటేటా వసంతంలో ఆ అధికారులు ఊరి బయటికి వెళ్ళి, పెద్ద రైతులకు మద్యం పోసి, వ్యవసాయం ఎలా చెయ్యాలో రైతులకు ఉపన్యాసమిచ్చేవారట. మావయ్య గారు తాను ఏర్పాటు చేసిన రైతు సదస్సుల గురించి చెప్పారు. మద్యం ఒక్కటే తేడా, అది కూడా సభ అయ్యాక. ఆవిడ పడీపడీ నవ్వారు. తోంగ్‌పాన్ అధ్యాయం రెండుసార్లు చదివానన్నారు. "తోంగ్‌పాన్ మీద మీకున్నంత కోపం ఇవాళ చైనాలో ఎవరికీ లేదు."

నాకు ధైర్యమొచ్చింది. మావయ్య గారికి ఇంకా ఎక్కువొచ్చింది. "అయితే పుస్తకం బాగున్నట్టేనాండీ?" అని అడిగేశారు.

షెన్ గారు కప్పు కింద పెట్టారు.

"మీ పీతల కథలో పీతలెవరు పట్టారు?"

మావయ్య గారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మీ పుస్తకంలో అధికారి వస్తాడు. మూడేళ్ళుంటాడు. అతని బాధలన్నీ రాశారు. భాష రాదు, పక్కన తోడు సంతకం, పైన నలుగురు తనిఖీదార్లు. నాకు జాలేసింది. కానీ ఆ ఆఫీసులో అతనొక్కడే ఉన్నట్టుంది. పొద్దున తలుపు ఎవరు తీశారు? ఊరి భాషలో చెప్పిన ఫిర్యాదును అతని భాషలోకి ఎవరు రాశారు? పన్ను ఎవరు వసూలు చేశారు? గుమాస్తాలు. ఆ ఊరివాళ్ళు, తరచుగా తండ్రి తర్వాత కొడుకు. చాలామందికి చాలాకాలం జీతం కూడా లేదు. మారేది అధికారి. మారనిది వాళ్ళు. ఇంత పుస్తకంలో వాళ్ళకు ఒకే ఒక్క పేరా ఉంది. అందులో వాళ్ళను దొంగలన్నారు."

"ఆ కాలపు రాతల్లో అలాగే ఉందండీ. అధికారులందరూ అదే రాశారు..." అంటూ ఆయనే ఆగారు.

"అధికారులు రాశారు" అన్నారావిడ మెల్లగా.

కాకటూలు చెట్టు మీద పంపకాలు చేసుకుంటున్నాయి.

"నాకు చైనా భాష వచ్చు, రావు గారూ. ఆఫీసు భాష రాదు. ఒక్కరోజు కూడా ఆఫీసులో పనిచెయ్యలేదు. అందుకే మీ పుస్తకం కోసం ఎదురుచూశాను. నాకు తెలియనిది అందులో ఉంటుందనుకున్నాను."

"మా కాకినాడ సంగతులు తీసుకెళ్ళి అక్కడ పెడితే తప్పు కదండీ?"

"పెట్టకూడదు. కానీ ఆ పాత రాతల్ని ఏమని ప్రశ్నించాలో కాకినాడకు తెలుసు." తర్వాత ఆవిడే అన్నారు: "ముందుమాట రాయమంటే రాస్తాను. పుస్తకం సగం బాగుంది. ఏ సగమో మీకు తెలుసు."

గేటు దాకా వచ్చి మిగిలిన కాజాలు ఉంచుకోవచ్చా అని అడిగారు. మావయ్య గారు తల ఊపారు. ఆ డబ్బాతో పాటు రెండు అధ్యాయాలు అడిగినా ఇచ్చేసేటట్టున్నారు.

బేట్‌మన్స్ బే

తిరుగు ప్రయాణం సముద్రం పక్కనుంచి పెట్టుకున్నాం. ఆయనకు పీతలు తినిపించాలని ముందే అనుకున్నది. మానేద్దామంటే లావణ్య ఒప్పుకోలేదు. క్లైడ్ కొండ మలుపుల్లో మావయ్య గారు ఒక్క మాట మాట్లాడలేదు. సోంగ్ రాజ్యం గురించి ఆయన మాట్లాడకపోతే నాకు తోచకపోవడం నాకే ఆశ్చర్యమనిపించింది.

బేట్‌మన్స్ బేలో నీటి ఒడ్డున చేపల కొట్టు. నీలం పీతలు ఉడకబెట్టి, మంచు మీద పేర్చి పెట్టారు. ఇక్కడివాళ్ళు వాటిని చల్లగా, నిమ్మకాయ పిండుకుని తింటారు. కారం లేదు, పులుసు లేదు. కొట్టతను డెక్క విరగ్గొట్టే పటకారు ఇచ్చాడు. మావయ్య గారు దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, పళ్ళతో పని మొదలెట్టారు. కొట్టతను ఆ పనితనం చూసి, ఇంకో పీత ఊరికే తెచ్చి పెట్టాడు.

రెండో పీత దగ్గర లావణ్య మొదలెట్టింది. "బాబాయ్, ఆవిడ ముందుమాట రాస్తానన్నారు కదా. ఆ పేరాని నాలుగు పేజీలు చేసి వేసేయ్. హాలు బుక్కయింది, అందరికీ చెప్పేశావ్. తెలుగులో సోంగ్ రాజ్యం మీద ఇంకెవరన్నా పుస్తకం రాసి నీది తప్పంటారా?"

"అదేనమ్మా భయం. ఎవరూ అనరు."

"నీకు డెబ్బై ఒకటి. ఒక కంటికి ఆపరేషనయింది, రెండోది చెయ్యాలి. మళ్ళీ మొదట్నుంచీ అంటే..."

"తెలుసు."

"పిన్ని నాకు ఫోన్లో చెప్పింది. రాత్రుళ్ళు లైటేసుకుని కూర్చుంటున్నావంట. బ్యాచ్‌మేట్లందరూ కనిపించినప్పుడల్లా 'ఏవైందోయ్ నీ చైనా?' అంటున్నారంట. ఇప్పుడు ఆపేస్తే ఏమంటారు?"

"నవ్వుతారు" అన్నారు మావయ్య గారు. చేతిలో డెక్క పక్కన పెట్టి, "ముప్పై ఏళ్ళు, తెచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టానమ్మా. అవి నేను రాసినవి కాదు. ఇదొక్కటే నేను రాసింది" అన్నారు.

నేను పీత పని చూసుకున్నాను. కంచెల వ్యవహారంలో నేర్చుకున్నదేమిటంటే, రెండిళ్ళవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు కౌన్సిలువాడు టేపు బయటికి తియ్యకూడదు.

ఈడెన్ దాటాక

ఆ రాత్రి ఈడెన్‌లో ఆగి, మర్నాడు మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు మావయ్య గారు ఫోను తీసి, "సూరిబాబుకి చేద్దాం" అన్నారు.

సూరిబాబు గారు కోనసీమలో ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన సీనియర్ అసిస్టెంటు. ఇప్పుడు కాకినాడలో ఫంక్షన్ హాలు ఓనరు. పుస్తకావిష్కరణ ఆ హాల్లోనే. గుమాస్తా జీతం మీద హాలెలా కట్టారని నేను అడగలేదు. మావయ్య గారూ ఎన్నడూ అడగలేదట.

కారు స్పీకర్లో గొంతు ఖంగుమంది. "ఆయ్, నమస్కారమండీ! ఆస్ట్రేలియాలో ఉన్నారంట కదా. కంగారూలు కనబడ్డాయాండీ?"

"కనబడ్డాయి. సూరిబాబూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. కొత్త ఆఫీసరు వస్తున్నాడంటే మీరంతా ఏం చేసేవారు?"

"ఏవిటండీ, ఏసీబీవాళ్ళెవరన్నా పక్కనున్నారా?"

"మా అల్లుడుగారున్నారు."

"ఆయనేం చేస్తారండీ?"

"కంచెలు" అన్నాను నేను.

సూరిబాబు గారు ఒక నిమిషం ఆలోచించి, ప్రమాదం లేదని తేల్చుకున్నారు. "మొదటి వారం మూడు ఫైళ్ళు పెట్టేవోళ్ళమండీ. ఒకటి శుభ్రమైంది. ఒకదాంట్లో చిన్న తప్పు, తారీకులాంటిది. మూడోదాంట్లో పెద్ద తప్పు. చిన్నది పట్టుకుని అరిచేవోడు ఒక రకం, ఆయన్ని రోజుకో చిన్న తప్పుతో మేపొచ్చు. రెండూ పట్టుకునేవోడి దగ్గర జాగర్తగా ఉండాలి. ఏదీ పట్టుకోనోడు మాకు దేవుడు."

మావయ్య గారు సీట్లో ముందుకు వంగారు. "మరి నేను?"

"మీరాండీ? మీరైతే..."

సిగ్నల్ పోయింది.

ఈడెన్ దాటాక రోడ్డు అడవిలో పడుతుంది. ఎంతకీ తెగని యూకలిప్టస్ చెట్లు. ఊళ్ళు లేవు, టవర్లు లేవు. మావయ్య గారు ఫోను అద్దానికి ఆనించి చూశారు. కిటికీ బయట పెట్టి చూశారు. ఒకచోట నన్ను ఆపమని, దిగి, దుంగ ఎక్కి చెయ్యెత్తి నిలబడ్డారు. పక్కనుంచి పోతున్న దుంగల లారీ డ్రైవరు, తనకే చెయ్యి ఊపుతున్నాడనుకుని హారన్ కొట్టి తానూ ఊపాడు.

"చిన్నది పట్టుకునుంటానమ్మా. తారీకుల దగ్గర నేను కాస్త చండశాసనుణ్ణి" అన్నారు కారెక్కాక. ఇంకాసేపటికి, "ఏదీ పట్టుకోలేదేమో. కొత్తలో నాకు పని రాదు" అన్నారు. లావణ్య వెనకనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నేను బండి వేగం కొంచెం పెంచాను, చట్టం ఒప్పుకున్నంత.

కాన్ రివర్ అనే ఊళ్ళోకి రాగానే ఫోను దానంతటదే మోగింది.

"కట్టయిపోయిందేంటండీ! బాలెన్సు లేదా?"

"సూరిబాబూ, నేనేం చేశానో చెప్పు."

"మీరు మూడు ఫైళ్ళూ ముట్టుకోలేదండీ. రెండు టీలు తెప్పించారు. నన్ను కూర్చోమన్నారు. 'సూరిబాబూ, నాకీ తాలూకా తెలీదు. ఈ మూడింట్లో నేనేది చూడాలో నువ్వే చెప్పు' అన్నారు."

మావయ్య గారు స్పీకరు సౌండు పెంచారు.

"ఆ రకానికి మాకు పేరు లేదండీ. నేనేవో పెద్దది తీసి చూపించేశాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలీదు. మావాళ్ళు నాతో నెల్రోజులు మాట్లాడలేదు."

"నాకు గుర్తు లేదు సూరిబాబూ."

"మీకెందుకు గుర్తుంటదండీ? మీరు మూడేళ్ళకి ఎల్లిపోయారు. ఇంతకీ పుస్తకంలో మా గుమాస్తాల గురించి ఏం రాశారండీ?"

"దొంగలని రాశాను."

"ఆయ్. సగం కరెక్టేనండీ" అన్నారు సూరిబాబు గారు.

"మిగతా సగం చెప్తావా?"

"నేను చెప్తే అది పుస్తకం కాదండీ, కేసవుద్ది."

"మనిద్దరం రిటైరయ్యాం కదా."

"పెన్షన్ రిటైరవలేదు కదండీ!" అని పెద్దగా నవ్వి, నవ్వు ఆగాక గొంతు తగ్గించి, "రండి. మేడ మీద కూర్చుందాం. చెప్తాను. హాలు తారీకు మాత్రం ఇప్పుడే తేల్చండి, పెళ్ళివాళ్ళు అడుగుతున్నారు" అన్నారు.

మావయ్య గారు లావణ్యకేసి తిరిగారు. లావణ్య మెల్లగా తల ఊపింది.

"పెళ్ళివాళ్ళకిచ్చెయ్ సూరిబాబూ" అన్నారాయన.

ఆర్బోస్ట్

ఆర్బోస్ట్‌లో పెట్రోలు కోసం ఆగాం. మావయ్య గారు కారు దిగకుండానే రాజమండ్రికి ఫోన్ చేశారు. స్పీకరు తియ్యడం మర్చిపోయారు కాబట్టి మేమూ విన్నాం.

"కవరు అచ్చయిపోయిందండీ" అన్నాడు ప్రింటరు హుషారుగా. "మీ ఫోటో బాగా వచ్చింది. లోపలిది కూడా ఎక్కించెయ్యమంటారా?"

"కవరు అలా ఉండనివ్వండి. లోపలిది మారుద్ది."

"తప్పులేమన్నా ఉన్నాయాండీ? ఒకట్రెండు రోజుల్లో దిద్దేద్దాం."

"తప్పులు కాదు. మనుషులు లేరు. పెట్టాలి."

ప్రింటరుకు అది అర్థమైనట్టు లేదు. మర్యాదకు అడగాల్సింది అడిగాడు. "ఎన్నాళ్ళు పడుద్దండీ?"

మావయ్య గారు అద్దంలోంచి రోడ్డు కేసి చూశారు. ఆయన కంటద్దాలు తుడుచుకోవడం అయ్యేదాకా అవతలాయన ఓపిక పట్టాడు.

"ట్రాన్స్‌ఫరు వచ్చేలోగా పూర్తి చేస్తానులెండి."

ఎక్కడికని ప్రింటరు అడగలేదు. "అలాగేనండీ" అన్నాడు.